చోటు చాలని అక్షరం

మంగళవారం టికెట్టు సగం ధర.
ఈ నెల ఒటీలియా, నేనూ
మూడు సినిమాలు చూశాం.

మొదటిదాంట్లో రెండు నగరాలు కూలాయి.
ఊడ్చేవాళ్ళు ఒక్కరూ కనపడలేదు.
ముప్పై ఏళ్ళు క్రేను నడిపిన ఒటీలియా
"ఆ దూలం అలా పడదు" అని మూడుసార్లు అంది.
ముందు వరస కుర్రాడు మూడుసార్లూ వెనక్కి తిరిగాడు.

రెండోదాంట్లో ఒక ముసలాయన వల బాగుచేసుకుంటాడు, అంతే.
నాకు నచ్చింది.
నిద్ర కూడా పట్టింది.

మూడోది తెల్లబొగ్గు.

ఆ పేరు పడగానే
నా కుడి బొటనవేలు కీలు కలుక్కుమంది.
క్లీవ్‌లాండ్‌లో, బూట్ల దుకాణం మీది గదిలో,
పందొమ్మిదేళ్ళు
ఆ కొలిమి వీరుడి నోట్లో మాటలు పెట్టింది నేను.
కథ లైల్‌ది. బొమ్మ గార్నెట్‌ది.
బుడగల్లో అక్షరాలు దిద్దడం నాది.
నా పేరు చివరి పేజీలో ఉండేది,
గుమ్మం బయట వదిలిన చెప్పుల్లా.

చప్పుళ్ళు కూడా నావే.
లైల్ "ఇక్కడ చప్పుడు" అని రాసి వదిలేసేవాడు.
ఏ చప్పుడంటే భుజాలెగరేసేవాడు.
గోడ కూలితే ఫెళ్ళు. మనిషి కూలితే ధబ్బు.
'ఢ'కి పొట్ట ఉండాలి, లేకపోతే పేలదు.
గడ్డకట్టిన మంచు మీద అడుగుకి ఏం రాయాలో తెలీక
ఒక జనవరంతా ఈరీ సరస్సు ఒడ్డున నడిచాను.
కరకర కాదు. కిర్రు కాదు.
చివరికి 'గ్రుక్' అని దిద్దాను.
ఎవరూ మెచ్చుకోలేదు, తప్పూ పట్టలేదు.

ఇప్పుడు హాల్లో చప్పుడు
కుర్చీ కిందినుంచి వచ్చి
నా వెన్నుపూసలు లెక్కపెట్టింది.
తెర మీద ఒక్క అక్షరం లేదు.
అయినా వెతుకుతూనే ఉన్నాను,
ఖాళీ చేసిన ఇంట్లో
చొక్కా తగిలించే మేకు కోసం గోడ తడిమినట్టు.

అప్పుడొచ్చింది వంతెన.

నలభై ఒకటో సంచిక, పదిహేడో పేజీ.
వంతెన తగలబడుతోంది. ఆ కొసన చెల్లెలు ఇల్కా, ఈ కొసన అతను.
లైల్ రాసింది: "వెనక్కి రాకు."
గార్నెట్ గీసిన బుడగ బఠాణీ అంత.
కింద ఎమెట్ వ్యాను హారను మోగిస్తున్నాడు,
అచ్చుకి అదే ఆఖరి రాత్రి.
హీటరు చచ్చిపోయి సిరా బంకలా సాగుతోంది.
'వెనక్కి రా' దగ్గరికొచ్చేసరికి
బుడగ నిండిపోయింది.
'కు'కి చోటు లేదు.

పుస్తకం బయటికొచ్చాక లైల్ నాలుగు రోజులు మాట్లాడలేదు.
అయిదో రోజు ఉత్తరాల సంచి దిగింది.
చెల్లెలు పిలిచింది కదా,
ఇంకా అక్కడే నిలబడ్డాడేం? అని పిల్లల కోపం.
చేసేది లేక నలభై రెండులో అతన్ని మంటల్లోకి పంపాడు లైల్.
సగం మొహం కాలింది. అందుకే ఆ ముసుగు.
అందుకే బొమ్మలు, టిఫిన్ డబ్బాలు,
ఇవాళ ఈ సినిమా.

తెర మీద ఆ పిల్ల చెయ్యి చాచి
"వెనక్కి రా" అంది.
హాలు హాలంతా ముక్కు చీదింది.
ముందు వరస కుర్రాడు కూడా.
నేను నవ్వేశాను, పైకే.
తర్వాత ఏడ్చాను, అది వేరే సంగతి.

అడిగినవాళ్ళందరికీ ఇన్నేళ్ళూ
చోటు లేదనే చెప్పాను.
నిజానికి కాస్త సన్నగా దిద్దితే పట్టేది.
అంతకన్నా చిన్న బుడగలో
వీధి పేరుతో సహా చిరునామా ఇరికించినదాన్ని.
ఆ రాత్రి చెయ్యి ఎందుకాగిందో
చేతినే అడగాలి.
అదేమో ఇప్పుడు
గుండీలు పెట్టడానికే మొరాయిస్తోంది.

బస్టాపు అద్దం మీద మంచు పేరుకుంది.
వేలితో 'క' రాసి, కొమ్ము ఇచ్చాను.
"ఏంటది?" అంది ఒటీలియా.
"పాత బాకీ."
ఆవిడ బస్సు వచ్చే వైపే చూస్తూ
కాసేపాగి అంది:
"ఉక్కు వంతెన కూడా అలా కాలదు, తెలుసా."